ఒంటి తుమ్ము

మధ్యాహ్నం మూడుంబావుకు సత్రం పెద్దాయన తుమ్మారు. ఆయన ముఖంలోకి చూసే ధైర్యం లేక వసారా గోడ గడియారాన్నే చూస్తున్నాను కాబట్టి వేళ గుర్తుండిపోయింది. ఇరవై ఏళ్ళ వయసులో, ఆ రోజుల్లో, పరులకు సాయం చేయడానికి మంచి మనసు ఒక్కటుంటే చాలనుకునేవాణ్ణి. కొంచెం అబద్ధమాడే నేర్పు కూడా కావాలని శ్రీకాళహస్తిలోని ఆ సత్రంలో తెలిసింది.

డెబ్బైల చివర్లో ఒక కార్తీకంలో తుపాను వచ్చి పులికాట్ ఒడ్డు పల్లెల్లోకి నీళ్ళు చేరితే, చేపలు పట్టే కుటుంబాలను లారీల్లో ఎక్కించి తీసుకొచ్చారు. తిరుపతి కాలేజీ నుంచి సాయానికి వెళ్ళిన మాలో తక్కినవాళ్ళు బియ్యం, బట్టలు పోగుచేయడానికి ఊరు తిరుగుతుంటే, బరువులెత్తలేని నన్ను సత్రానికి కాపలా పెట్టారు. (నేను పుస్తకాలు తప్ప మరేమీ మోయలేదని నా చేతులు చూస్తేనే తెలిసేది.) సత్రం ఒక వ్యాపారి కుటుంబానిది. తాళంచెవి ఇస్తూ పెద్దాయన ఒకే మాట చెప్పారు.

“ఎంతమందినన్నా పెట్టుకోప్పా. గడప లోపలికి నీచు మాత్రం రాకూడదు. చేప గానీ మాంసం గానీ. మా తాత పెట్టిన కట్టడి. వచ్చిందంటే అందర్నీ పంపించేయాల్సిందే. నా చేతిలో ఏం లేదు.”

నేను తలూపి ఇటు తిరిగేసరికి చివరి లారీలోంచి ఒక అవ్వ రెండు గంపలు దింపుతోంది. పైన చాప కప్పి ఉన్నా లోపల ఏముందో ముక్కున్నవాడికి చెప్పక్కర్లేదు.

“అవ్వా, ఎండుచేపలు బయట పెట్టాల.”

“వానలోనా? నానితే పురుగు పడతాది గదరా అబ్బోడా! పడవ పొయ్యింది, వలలు పొయ్యినాయి. ఇవి అమ్ముకుంటేనే మళ్ళా వల. గంపలు యాడుంటే నేనూ ఆడే.”

అని వానలో మెట్టు మీద కూర్చుంది. ఆమె వెనకే మనవలు, వాళ్ళ వెనకే తక్కిన పిల్లలు వచ్చి కూర్చోసాగారు. నాకు వేరే దారి తోచక గంపలు రెండూ మోసుకెళ్ళి యాత్రికుల గంగాళాలు పెట్టే గదిలో దాచాను. (అంత బరువు మోయగలనని నాకే తెలియదు.)

అప్పటి నుంచి వీధిలో చెప్పుల చప్పుడైతే లేచి ఆ గది తలుపుకు అడ్డం నిలబడేవాణ్ణి. ఆయన వస్తే వీళ్ళంతా మళ్ళీ వానలో ఉంటారు. వాళ్ళ ఇళ్ళల్లో ఇంకా నీళ్ళే. వాసనకు గది తలుపు ఒక లెక్కా? మూడో రోజు చెమ్మకు అది రెట్టింపయింది. ఉన్న సాంబ్రాణంతా తెచ్చి, మూకుడులో నిప్పులు పోసి గంగాళాల గది ముందు పెట్టి, చాటతో విసరడం మొదలుపెట్టాను. కాసేపటికి సత్రంలో మనిషికి మనిషి కనబడలేదు.

అప్పుడొచ్చారు పెద్దాయన, పంచె ఎగగట్టుకుని, గొడుగైనా లేకుండా.

“ఏం కాలతా ఉండాదప్పా? అంగడి దాకా పొగ! సత్రం అంటుకునిందనుకున్నా!”

“దోమలండీ,” అన్నాను వాకిట్లోకి పరుగెత్తి.

“పట్టపగలు దోమలా?”

“పూజ కూడా ఉందండీ.”

అంతలో పొగలోంచి అవ్వ దగ్గుతూ కేకేసింది. “సాల్రా అబ్బోడా! ఇంకొంచెం పొగేసినావంటే మేమూ ఎండుచేపలై పోతాం!”

పెద్దాయన నన్ను చూశారు. నేను గడియారాన్ని చూశాను. ఆయన గడప మీదికి కాలెత్తారు, తుమ్మారు. ఒక్కటే. ఒంటి తుమ్ముకు అడుగు వేయకూడదు. రెండోది వస్తే దోషం లేదు. ఎత్తిన కాలు అలాగే ఉంచి ఆయన ఆగారు. నేనూ ఆగాను. లోపల దగ్గులు కూడా ఆగాయి. కండువాతో ముక్కు గట్టిగా పట్టుకుని, కాసేపటికి ఆయన కాలు వెనక్కి దించారు.

“ఒంటి తుమ్ము. ఇప్పుడు లోపలికి పొయ్యేది మంచిది కాదు,” అన్నారు పైకి. తర్వాత నా చెవి దగ్గర, “మూడు దినాలుగా ఈ వీధి మొగాన యెందుకు రాలేదనుకున్నావు? వస్తే సూడాల. సూస్తే పంపాల. రాకుండా ఉండేవోణ్ణి పొగబెట్టి పిలిపించినావు గదయ్యా, సదువుకున్నోడివి!”

మళ్ళీ లోపలివాళ్ళకు వినబడేలా, “నాకు జలుబు చేసింది. ముక్కు పన్జెయ్యలే. వాన నిలిచేదాకా తగ్గేట్టు లేదు. ఆ మూకుడు ఆర్పు!” అని వానలోనే వెళ్ళిపోయారు.

వాన తెరిపిచ్చాక అవ్వ తన గంపలతోనే లారీ ఎక్కింది. ఆ తర్వాత పెద్దాయన సత్రానికి సున్నం కొట్టిస్తూ, అడిగినవాళ్ళకు చెమ్మ వాసనని చెప్పారట.

ఆ తుమ్ము నిజమా, తెచ్చుకున్నదా అని చాలా ఏళ్ళు ఆలోచించాను. పెళ్ళయ్యాక మా ఇంటావిడ ఒక్క మాటలో తేల్చేసింది: “మొదటిది నిజమే. రెండోదాన్ని ఆపుకున్నాడు మారాజు.” నేను బయల్దేరుతుండగా ఎవరు ఒక్కసారి తుమ్మినా నన్ను కూర్చోబెట్టి గ్లాసుడు నీళ్ళిచ్చేది. “పెద్దాయన మాదిరి కాసేపు ఆగండి, ఏం మునిగిపోదు,” అని నవ్వేది. ఆ ఇరవై ఏళ్ళ కుర్రాడు చాట పట్టుకుని విసరడం నాకూ కళ్ళకు కట్టేది, నవ్వొచ్చి నీళ్ళు పొలమారేవి.

ఆమె పోయి రెండేళ్ళు. ఒంటి తుమ్ముకు మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఆగరు.