నిమ్మకాయలు తొక్కించిన చక్రాలు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం అన్నయ్య నిద్రపోతుంటే, బండి వెనక భాగంలోకి బియ్యం బస్తాలు ఒక్కొక్కటే ఈడ్చి ఎక్కించాను. తర్వాత నేల మీద కూర్చుని, వెనక టైరుకూ దాని పైనున్న రేకు అంచుకూ మధ్య వేలు పెట్టి చూశాను. పట్టలేదు. బస్తాలన్నీ మళ్లీ దించేసి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లిపోయాను.

బండికి ఆ కొత్త చక్రాలు అన్నయ్య రాయచూరులో వేయించాడు. అక్కడి ఆసుపత్రిలోనే నాన్న నడుముకు ఆపరేషన్ అయింది. కుదుపుల్లేకుండా ఇంటికి తీసుకెళ్లమని డాక్టరు మరీ మరీ చెప్పారు. అన్నయ్యకు సరిగ్గా ఆ వారమే పెద్ద చక్రాలు, వెడల్పు టైర్ల మీద మోజు పుట్టింది. నేను అక్కడా ఇక్కడా చదివింది గుర్తుచేసుకుని, మనుషుల్ని ఎక్కించి టైరు రేకుకు తాకుతుందేమో చూడమని దుకాణం అతన్ని అడిగాను. అతను అన్నయ్య వైపు చూసి నవ్వాడు.

"ఖాళీ బండి గిట్ల తిప్పి చూసినం గద అన్నా, ఏడా తాకుతలేదు. చెల్లెమ్మకు ఏంది గింత ఫికర్?"

ఖాళీ బండి. మా ఊరు పోతనాళలో మా బండి ఖాళీగా తిరిగిన రోజేది? విత్తనాలో, ఎరువులో, నాట్లకు వచ్చే కూలీలో ఎప్పుడూ ఉంటారు.

బస్తాలు దించిన సాయంత్రం, నాన్నను తెచ్చేదాకా పాత చక్రాలే వేయిద్దామని అమ్మతో అన్నాను. పూజ చేసి నిమ్మకాయలు తొక్కించాక అప్పుడే విప్పితే అరిష్టమంది. పుస్తకాలు చదివితే మెకానిక్కులైపోతారా అన్నాడు అన్నయ్య. ఒకసారి కాదన్నాక మళ్లీ అడగడానికి నాకు నోరు రాదు.

నాన్నను మధ్య సీటులో పడుకోబెట్టాం. తల అమ్మ ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో. వెనక మామయ్య, పరుపు, సామాను. మొదటి గుంటలోనే బండి కుంగి, రేకు టైరును గీరింది. ఆ తర్వాత ప్రతి గుంటలోనూ అదే. మూలుగు మాకు వినబడకూడదని నాన్న తువ్వాలు నోట్లో కుక్కుకున్నారు. బండి నడుపుతున్న అన్నయ్య పాట సౌండు పెంచాడు. దారిలో మాన్వి ఊరు దాటాక టైరు పక్క చీలిపోయి బండి ఒక్కసారిగా ఒరిగింది. నాన్న అప్పుడు అరిచారు. అంతకు ముందెప్పుడూ ఆయన అరవగా నేను వినలేదు.

వేరే బండిలో మళ్లీ రాయచూరుకే తీసుకెళ్లాం. కుట్లు విడిపోయాయి. ఆయన నడుము కన్నా నాలుగు నిమ్మకాయలు ఎక్కువయ్యాయి ఈ ఇంటికి.

ఆసుపత్రి వరండాలో అన్నయ్య నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆ బండి గురించి నాతో అతనన్న చివరి మాట ఇదే.

"అంత తెలిసినదానివి, కాస్త గట్టిగా చెప్పొచ్చుగా?"