దాన్ని అనుమానించిన రోజులు

పెళ్లయిన తొమ్మిదో ఏట హైదరాబాద్‌లో ఒక దవాఖానలో ల్యాబులో తయారుచేసిన మా పిండాలకు పరీక్ష చేశారు. అంతకుముందు రెండుసార్లు కడుపులో పిండం పెట్టించుకున్నాను, రెండుసార్లూ నిలవలేదు. ఈసారి ముందే పరీక్ష చేసి మంచిదాన్నే పెడతామన్నారు. నాలుగింటిలో మూడు పనికిరావని వచ్చింది. నాలుగోదాన్ని పనికొస్తుందనీ అనలేదు, రాదనీ అనలేదు. మొజాయిక్ అన్నారు.

డాక్టరమ్మ కాగితం మీద గుండ్రంగా గీసి, లోపల చుక్కలు పెట్టి చెప్పింది. కొన్ని కణాలు సరిగ్గా ఉన్నాయట, కొన్నింటిలో క్రోమోజోములు తేడాగా ఉన్నాయట. ఇలాంటి పిండాలతో ఆరోగ్యంగా పుట్టిన పిల్లలున్నారు, మధ్యలోనే పోయినవీ ఉన్నాయి. తాము చూసింది పైపొరలోంచి తీసిన నాలుగైదు కణాలనే కాబట్టి, లోపల బిడ్డ అయ్యే భాగం ఎలా ఉందో ఖాయంగా చెప్పలేమంది. పెట్టించుకోవాలో వద్దో మీరే ఆలోచించుకోండి అంది. నాకు ఒళ్లు మండింది. అంత చదువు చదివి, అన్ని మిషన్లు పెట్టుకుని, చివరికి మమ్మల్ని ఆలోచించుకోమంటుందా?

నేను మక్తల్ దగ్గర మా ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. నెలనెలా పిల్లల్ని తూకం వేసి, బరువు తక్కువున్న పిల్ల పేరు పక్కన ఎర్ర చుక్క పెడతాను. ఒకసారి చుక్క పడిందంటే, ఆ పిల్ల తర్వాత ఎంత పుంజుకున్నా నాకు నమ్మకం కుదరదు. బుద్ధే అంత. మా ఆయన గొర్రెలు కాస్తాడు. ఆయన బుద్ధి వేరు.

తిరుగు బస్సులో ఆయన డాక్టరమ్మ చుక్కలు పెట్టిన కాగితాన్నే చూస్తూ కూర్చున్నాడు. జడ్చర్ల దాటాక ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

“కొంచెం గిట్ల, కొంచెం గట్ల అన్నట్టే గద. మన మందల మచ్చల పిల్లలు పుడ్తలేవా? వాటికేమైంది? అన్నిటి లెక్కనే ఎగురుతున్నయ్, మేస్తున్నయ్.”

ఒంటి మీద రంగు వేరు, క్రోమోజోములు వేరు అని చెప్పాల్సింది. ఇంటర్‌లో చదువుకున్నదాన్ని, ఆ మాత్రం తెలుసు. కానీ ఆయన ముఖం అంత తేటగా చూసి ఏళ్లయింది. నోరు మూసుకున్నాను. మళ్లీ వెళ్లినప్పుడు ఇద్దరం సంతకాలు పెట్టాం.

పిండం నిలిచింది. రక్తపరీక్షలో ఆ సంగతి తెలిసిన రోజే ఆయన మందలోంచి ఒక మచ్చల పిల్లను పట్టి, నుదుటికి పసుపు రాసి, ఇది పుట్టబోయే బిడ్డది, దీన్ని అమ్మేది లేదు, కోసేది లేదు అని ఊరంతా చెప్పుకున్నాడు. మా ఇళ్లలో మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయట అనరు. అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. మచ్చలేమిటో, పరీక్షేమిటో ఆమెకు మేం చెప్పలేదు.

నేను మాత్రం ఆ పిండాన్ని నమ్మలేదు. ‘అది’ అనేదాన్ని. పదహారో వారం దాటాక ఉమ్మనీరు తీసి పరీక్ష చేస్తామన్నారు కదా, అందులో బాగుందని తేలాకే ప్రేమిద్దామని అనుకున్నాను. ముందే ప్రేమ పెంచుకుంటే పోయినప్పుడు తట్టుకోలేనని నా తెలివి. పొద్దున మందను తోలుకుపోయే ముందు ఆయన నా కడుపు మీద చెయ్యి పెట్టి “పోయొస్త బిడ్డా” అంటే, నేను గోడవైపు తిరిగేదాన్ని. పాలమూరు స్కానింగ్ సెంటర్‌లో గుండె కొట్టుకోవడం వినిపించినప్పుడు ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. నేను తెర మీద లోపం ఎక్కడుందా అని వెతికాను.

ఒకరోజు దొడ్లో ఒక గొర్రె తన పిల్లకు పాలివ్వకుండా తంతోంది. అత్తమ్మ దాని మెడను మోకాళ్ల మధ్య ఇరికించి, పిల్ల నోటిని పొదుగుకు అందించింది. నేను పక్కనే ఉన్నాను. తలెత్తకుండానే అంది.

“ఇది గూడ నీ లెక్కనే. వాసన జూసి పక్కకు జరుగుతాంది. నీకేం ఫికరున్నదో నాకు తెల్వది. దగ్గరికి తీస్కో బిడ్డా. ఉండేదైనా, పోయేదైనా నీదే గద.”

నన్ను గొర్రెతో పోల్చిందని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె చూసింది నిజమని ఒప్పుకోవడానికి అప్పుడు నాకు అహం అడ్డొచ్చింది.

పదో వారం స్కాన్‌లో గుండె ఆగిపోయి ఉంది.

హైదరాబాద్ తీసుకెళ్లి కడుపు శుభ్రం చేయించారు. తీసినదాన్ని పరీక్షకు పంపుతామంటే సరేనన్నాను. సిగ్గు విడిచి రాస్తున్నాను, ఏడుపుతో పాటు నాలో ఏదో మూల ఒక నెమ్మది కూడా ఉంది. నేను అనుమానించిందే జరిగింది, నమ్మకపోవడమే మంచిదైంది అనుకున్నాను.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ రెండుసార్లు చదివి, అన్ని క్రోమోజోములూ సరిగ్గానే ఉన్నాయంది. నా కణాలు కలిశాయేమోనని నా రక్తంతో కూడా పోల్చి చూశారట. అది బిడ్డదేనట, అందులో ఏ తేడా కనబడలేదట. మరెందుకు పోయిందని అడిగితే, తెలియదమ్మా అంది. ఆడా, మగా అని అడిగితే అది చెప్పకూడదంది.

“అంటే మా బిడ్డ మంచిగనే ఉండె” అన్నాడు ఆయన. అవునన్నట్టు ఆమె తలూపింది.

బయట మెట్ల దగ్గర నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. అన్ని రోజులు కడుపులో ఉంచుకుని దానితో ఒక్క మాట కూడా మాట్లాడలేదని చెప్పాను. ఏ తప్పూ లేని బిడ్డను దొంగను చూసినట్టు చూశానని, తల్లికే అక్కర్లేనిదానిలా వచ్చి, అలాగే వెళ్లిపోయిందని చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“దానికి తెలుసు” అన్నాడు. “నువ్వు పండుకున్నప్పుడు నేను చెప్పేటోన్ని. మీ అమ్మకు నువ్వంటే మస్తు పానం, జర భయమైతాంది, గందుకే మాట్లాడ్తలేదు, కోపం జెయ్యకు అని.”