అమ్మ నాన్నను తెమలమనేది కాదు

సోమవారం. పొద్దుటి నుంచి ముసురు. నీళ్ల తొట్టి కడిగేసరికి నడుం పట్టేసింది.

అబ్బాయి ఆదిత్యపూర్ ఫ్యాక్టరీలో డ్యూటీకి బూట్లు తొడుక్కుంటుంటే కోడలు “జల్దీ కీజియే” అని తొందరపెట్టింది. నేను ఉలిక్కిపడ్డాను.

నాతోపాటు రైల్వే క్వార్టర్లలో పెరిగిన మీకు గుర్తుండే ఉంటుంది. మా నాన్న టాటానగర్ యార్డులో గూడ్సు వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించేవారు. అలాంటి పనికి వెళ్లే మనిషిని తొందరపెట్టకూడదని మన అమ్మల పట్టింపు. కంగారులో చెయ్యి వ్యాగన్ల మధ్య పడితే ఇంకేముంది? అందుకే అమ్మ బొగ్గుల పొయ్యి విసురుతూ, నాన్నకు వినబడేలా మా మీద అరిచేది.

“ఒరే, బేగి తెమలండ్రా!”

మేము అప్పటికే తల దువ్వుకుని, బడి సంచులు తగిలించుకుని నిలబడి ఉండేవాళ్లం.

“ఆళ్లెప్పుడో తెమిలిపోనారు. ఎవుల్నే తిడతన్నావు?” అనేవారు నాన్న.

“మిమ్మల్ని కాదు లెండి. మీరు నిదానంగానే ఎల్లండి.”

నాన్న రావడం ఆలస్యమైన సాయంత్రాలు మాత్రం అమ్మ మా మీద కూడా అరిచేది కాదు. పొయ్యి ఆరిపోతున్నా విసిరేది కాదు.

చీకటి పడింది. అబ్బాయి ఇంకా రాలేదు. కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. ఇస్త్రీకిచ్చిన బట్టలు కూడా ఇంకా రాలే... ఉండండి, గేటు చప్పుడైంది.