మూసీ ఒడ్డు తగరం బిళ్ళలు

మా అత్తమ్మ నాయిన రెండో ప్రపంచ యుద్ధం రోజులల్ల నిజాం ఫౌజుతోని వంటపనికి పోయి, సముద్రం దాటి, కొన్నేండ్లకు మర్ఖేల్‌కు తిరిగొచ్చిండట. తెచ్చింది మూడు తగరం బిళ్ళలు. కాయితమంత పలచన, నడుమ బొక్క, ఒక దిక్కు ఏవో గీతలు. యాడివని అడిగితే "మూసీ ఒడ్డున దొరికినయి" అన్నడట. ఊరంత నవ్విండ్రు. మూసీ అంటే హైద్రాబాదే గద! సముద్రం లేదు ఏం లేదు, అక్కడనే ఏదో హోటల్ల గిన్నెలు తోమి వచ్చిండన్నరు. సచ్చేదాక ఆయనను "సముద్రపాయన" అనే పిలిచిన్రు.

ఈ సంగతి అత్తమ్మ నాకు చెప్పింది మోకాలి ఆపరేషన్‌కని నాందేడ్ల మా ఇంట్ల ఉన్నప్పుడు. బిళ్ళలను దారానికి గుచ్చి కొంగుకు కట్టుకునేది.

"నువ్వేమంటవ్ అత్తమ్మా? నిజంగ పోయిండా?" అని అడిగిన.

"నమ్ముదమనే ఉండె బిడ్డా. ఊరోళ్ళందరు అట్లంటుంటే ఎట్ల నమ్మాలె?"

ఆ గీతలేందో తెలుసుకునేదాక విడవొద్దని అప్పుడే అనుకున్న.

మా ఆయన నాందేడ్లనే వజీరాబాద్‌ల పాత నాణేలు కొనే దుకాణంల చూపించుకొచ్చిండు. "రాజు బొమ్మ లేదు, చార్మినార్ లేదు. నాణెమే కాదు, గుర్రానికి కట్టే బిళ్ళ అన్నడు దుకాణపాయన. ఇగ ఇడిసిపెట్టు."

నేను ఇడిసిపెట్టలే. మేముండేది దెగ్లూర్ నాకా దగ్గర. మా గల్లీల ఆడపిల్లలకు అరబ్బీ నేర్పే అక్క ఉంటది, అందరం ఆపా అంటం. గీతలు అరబ్బీ రాతేమోనని బిళ్ళ చేతుల పెడితే అటు తిప్పింది, ఇటు తిప్పింది. "హర్ఫ్ తో హై బేటీ, పఢా నై జాతా," అన్నది. అక్షరాలే గని చదవరాదని. అక్షరాలే అన్న మాటకే నాకు పానం లేచొచ్చింది. ఆ దినం నుంచి బట్టలు కుట్టుడు అయినంక పోయి, చిన్నపిల్లల పక్కన కూసుండి అలిఫ్ బే దిద్దిన. వాళ్ళు నాకంటె ముందు చదువుతుండ్రి. సిగ్గయినా పోవుడు మానలే.

అక్షరాలొచ్చినా బిళ్ళ మాట్లాడలే. చింతపండుతోని తోముతనంటే అరిగిపోతదని ఆపా తోమనియ్యలే. ఫోన్ల ఫొటో తీసి, పెద్దగ చేసి చూస్తుంటి. ఒక పొద్దున చూస్తే 'మీమ్' అక్షరం తోక కుడిదిక్కు పోతున్నది. అది పోవాల్సింది ఎడమదిక్కు. మొత్తం తిరగబడ్డదేమో! అచ్చుల సీదా చెక్కితే పోత పోసినంక ఉల్టా రాదా? ఫొటోను అద్దంల లెక్క తిప్పి ఆపా దగ్గరికి ఉరికిన.

"మస్రూఫ్... ఫీ... బలద్..." ఆపా గొంతు లేచింది. "బలద్ అంటే షహర్, పట్నం. ఒక షహర్ల చెలామణి అయ్యే పైస ఇది. షహర్ పేరు ఫే, లామ్, మీమ్, బే..." చివరి అక్షరం దగ్గర ఆగింది. అయిన్ మీద మూడు చుక్కలు. అసొంటిది అరబ్బీల లేదన్నది.

ఫలంబ. ఆ పేరుతోని మ్యాప్‌ల ఏం దొరకలే. అరబ్బీల ప ఉండదు గద అని ఫ తీసి ప పెట్టిన, ఆ మూడు చుక్కల అక్షరం జాగల 'ంగ్' పెట్టిన, ఎట్లెట్లనో రాసి చూసిన. నిజాం ఫౌజు పోయిన మలయాకు అవతల సుమత్రా దీవిల పాలెంబాంగ్ అని పట్నం కనబడ్డది. వెనుకట అక్కడి సుల్తాన్లు పోయించిన తగరం పైసల ఫొటోలు చూస్తే అచ్చం ఇవే. పట్నం నడుమ నుంచి పెద్ద నది పోతున్నది. దాని పేరు చదివి ఫోన్ పట్టుకొనే అత్తమ్మ దగ్గర కూలబడ్డ.

"అత్తమ్మా, అక్కడ గూడ మూసీ ఉన్నది."

"ఇంకో మూసీనా?" నన్ను నమ్మనట్టు చూసింది. తర్వాత ఏడుస్తదనుకున్న. ఏడ్వలే. కోపమొచ్చింది. "ఒక్కడన్న ఏ మూసీ అని అడిగిండా మా నాయినను?" అన్నది.

మోకాలు ఇంకా వాచే ఉండె. అయినా తెల్లారి నన్ను ఎంబటేసుకొని బస్సెక్కింది. మర్ఖేల్ల ముసలోళ్ళను కూసోబెట్టి ఫోన్ చూపించి చెప్పింది. ఒకాయన "అయితే అయ్యుంటది తీ," అన్నడు. "అయ్యుంటది కాదు, అయింది," అన్నది అత్తమ్మ.

మూడిట్ల రెండింటి మీదనే రాత ఉన్నది. మూడోదాని మీద నాలుగు రెక్కల పువ్వసొంటి గుర్తు. ఆపాకు తెలువదు, నేను చూసిన ఫొటోలల్ల ఎక్కడా లేదు. "దీన్ని గూడ పట్టు," అని అత్తమ్మ దారంల నుంచి తీసి నాకే ఇచ్చింది. పట్టుకునే ఉన్న, వెతుకుతనే ఉన్న.