బెంచీ కాళ్లకు గోనెగుడ్డ

మార్కెట్ యార్డులో కొత్త గోనెసంచుల వాసన తగిలితే నాకు చెనక్కాయలు గుర్తుకు రావు. ఆరో తరగతి బెంచీలు గుర్తొస్తాయి.

నా పక్కన కూర్చునే సుజాతకు చెవిమిషను ఉండేది. క్లాసులో గోల మొదలవగానే దాన్ని తీసి జామెట్రీ బాక్సులో పెట్టేసేది. మా మాటలు వినడం ఇష్టంలేకే తీస్తోందనుకుని నేను వారం రోజులు అలిగాను.

చివరికి టీచరమ్మే చెప్పింది. "ఆ మిషను అన్ని సద్దులూ పెద్దవి చేస్తాది. మీరు బండల మీద ఇనప బెంచీలు ఈడిస్తే ఆ పాప చెవిలో ఉరుములే!"

బెంచీ కాళ్లకు కట్టడానికి పాతగుడ్డలు తెమ్మంది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులో ఇంట్లో దొరికిన గోనెసంచిని కోసి పట్టుకుపోయాను. అది మా నాయన విత్తనాలకని తెచ్చి దాచుకున్న కొత్త సంచి.

మరునాడు నాయన బడికే వచ్చాడు. తలుపు దగ్గర నుంచే "నా ఇత్తనాల సంచి యాడుందే?" అని అరిచాడు. సుజాత చెయ్యి మిషను మీదికి పోయింది. టీచరమ్మ బెంచీ కాళ్లు చూపించి సంగతి చెప్పింది. నాయన చెప్పులు బయట విడిచి, పిల్లిలా నడిచి వచ్చి, సుజాత ముందు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇప్పుడు బాగా ఇనపడతాందా పాపా?"

"ఇనపడతాంది మామా, అరవాకు!"

క్లాసంతా పగలబడి నవ్వింది. కానీ నాయన అంత మెల్లగా మాట్లాడటం నేను అంతకుముందెన్నడూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు.