మేడం ఇసుక తెమ్మంది

దొంగతనం చేసి స్టేషనుకు పోయినవాళ్ళను చూసుంటారు, కొట్లాడి పోయినవాళ్ళను చూసుంటారు. పసిబిడ్డల భయం పోగొడతానని బయల్దేరి, సొంత మేనల్లుణ్ణి కొత్త ట్రాక్టరుతో సహా పోలీసులకు అప్పజెప్పి వచ్చిన ఆడమనిషిని చూశారా? చూడకపోతే ఇదిగో, ఆ ఘనత నాదే. అప్పటికి నాది చిన్న వయసు. అరవై రెండే. ఇప్పుడైతే అరవై ఐదు, కాస్త బుద్ధి వచ్చిందని మా వాళ్ళు ఒప్పుకోకపోయినా నేను ఒప్పుకుంటున్నాను.

ఆత్మకూరులో మా చర్చి సంఘం హాలు ఒకటి ఉంది. దాని తాళాలు, చీపురు, వంటగది అన్నీ నా చేతికిందే. ఆ ఏడు దుక్కులు మొదలయ్యే రోజుల్లో అక్కడ ఒక శిక్షణ పెట్టారు. ఉదయగిరి, కలిగిరి, జలదంకి వైపుల నుంచి చదువుకున్న ఆడపిల్లలు, ఒకరిద్దరు మగపిల్లలు వచ్చారు. నేర్పేది హైదరాబాదు నుంచి వచ్చిన మాధురి మేడం. ఇంట్లో తన్నులాటలు చూసి బెదిరిన పసివాళ్ళు, యాక్సిడెంటులో అమ్మనో నాయననో పోగొట్టుకున్న పసివాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ మనసు కుదుటపరచడం ఎలాగ, ఆ ఇంటి పెద్దవాళ్ళకు ఆసరాగా నిలబడడం ఎలాగ, ఇదీ ఆ చదువు. థెరపీ అంటారట. ముఖాన చన్నీళ్ళు కొట్టి నాలుగు తిట్లు తిడితే పోయే భయానికి ఇంత చదువెందుకా అని నేను తలుపు దగ్గర నిలబడి తెగ ఆశ్చర్యపోయాను.

మేడం చెబుతుండేది: "చిన్న బిడ్డకు తన బాధ చెప్పడానికి మాటలుండవు. బొమ్మలిస్తే చేతులతో చెబుతుంది. మనం పక్కన కూర్చోవాలి. గుచ్చి గుచ్చి అడగకూడదు. తొందరపెట్టకూడదు. ముఖ్యంగా నోరు అదుపులో ఉండాలి."

మిగతావన్నీ ఎలాగో ఓర్చుకోవచ్చు. ఆఖరిది విన్నాక ఈ ఉద్యోగం నాకు ఈ జన్మలో రాదని తేలిపోయింది.

పరీక్ష పెట్టే రోజు పొద్దున్నే మేడం వంటగదిలోకి వచ్చింది.

"ఎస్తేరమ్మ గారూ, మధ్యాహ్నం పరీక్షకు ఇసుక కావాలి. దొరుకుతుందా?"

"పెన్న పక్కన కాపురముండి ఇసక దొరకదా మేడం!"

"రాళ్ళు లేకుండా నున్నగా ఉండాలండీ. అందరికీ సరిపోవాలి."

"అదంతా నాకు వదిలెయ్యండి."

ఎంత అని ఒక్క మాట అడిగి ఉంటే మీకు ఈ కథ చదివే బాధ తప్పేది. ఎందుకు అడగలేదో చెబుతాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటినాక. అంతవరకూ బస్సు బోర్డు మొదలు మందుల చీటీ దాకా ప్రతిదీ పక్కవాళ్ళను అడిగి బతికిన బతుకు. చదవడం వచ్చాక నాకొక జబ్బు పట్టుకుంది. ఏదైనా అడిగితే చదువు రానిదనుకుంటారేమోనని అడగడమే మానేశాను. పైగా మా వైపు ఉప్పు చిటికెడు, పాలు గ్లాసెడు, ఇసుక ట్రక్కెడు. వేరే కొలత ఒకటుంటుందని ఎవరనుకుంటారు?

మా తమ్ముడి కొడుకు దావీదుకు ఫోన్ చేశాను. వాడికి ఆ ట్రాక్టరే తిండి పెట్టే తల్లి. మర్నాటి నుంచి ఊళ్ళో సగం చేలు దున్నడానికి మాట ఇచ్చి ఉన్నాడు.

"ఇసకెందుకత్తా? హాలుకు గోడ కడతుండారా?"

"గోడ గాదబ్బయ్యా. భయపడిన పిల్లకాయలకు."

"పిల్లకాయలకు ఇసకేంది?"

"దాంట్లో ఆడతారంట. భయం దిగిపోతాదంట."

"ట్రక్కు నిండానా!"

"హైదరాబాదు మేడం నోరు తెరిచి అడిగింది. అరకొరగా తోలితే మన మర్యాద ఏం గావాల?"

"పర్మిట్టు ఉండాదా అత్తా?"

"దేవుడి హాలుకురా! దేవుడికి పర్మిట్టేంది?"

దేవుడికి అక్కర్లేదేమో గానీ ట్రాక్టరుకు కావాలి. ఆ సంగతి ఉదయగిరి రోడ్డు మలుపులో తెలిసింది. నేను ఇంజను పక్కన మడ్‌గార్డు మీద పెళ్ళికూతురిలాగా కూర్చుని ఉన్నాను. కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇసక యాడికి?"

దావీదు నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "పిల్లకాయల భయం పోగొట్టేదానికి సారూ."

అతను ట్రక్కును చూశాడు, నన్ను చూశాడు. "ఎంతమంది పిల్లకాయలవ్వా? జిల్లా మొత్తానికా?"

స్టేషను ఆవరణలో అంతకుముందు పట్టుబడిన ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒకదాని ఇంజను మీద కాకరతీగ పాకి కాయలు కూడా కాసింది. దావీదు దాన్నే చూస్తూ నిలబడిపోయాడు.

"అయిపోయినానత్తా. ఇంక నా బండి మీద గూడా కాకరకాయలే."

"నువ్వు ఊరుకోరా, నేను మాట్లాడతా గదా."

"నువ్వు మాట్లాడబట్టే గదా ఈడికొచ్చినాం!"

ఎస్సై యాభైకి దగ్గరపడిన మనిషి. నవ్వు అనేది ఆ ముఖం నుంచి ఎప్పుడో వేరే జిల్లాకు బదిలీ అయిపోయినట్టుంది.

"ఏందమ్మా, ఇసక తోలుకోను పిల్లకాయల పేరా? చానా కతలు విన్నా గానీ ఇది కొత్తది."

"కత గాదు సారూ. ఇసకలో బొమ్మలు పెడితే మనసులో ఉండేదంతా బయటికొస్తాదంట."

"ఓహో. మేం ఇన్నాళ్ళూ అనవసరంగా కష్టపడతుండామన్నమాట." కానిస్టేబులు కిసుక్కున నవ్వాడు. "ఆ మేడాన్ని పిలిపించు, చూద్దాం."

ఇసుక దొరికింది, స్టేషనుకు రమ్మని మాత్రం ఫోన్ చేశాను. మేడం ఆటోలో వచ్చింది. చంకలో నీలం రంగు చెక్క ట్రే ఒకటి, చేతిలో బొమ్మల సంచి. ఆ ట్రే ఎంతనుకున్నారు? మా ఇంట్లో అప్పడాలు పెట్టుకునే పళ్ళెమంత.

"ఇసుక దొరికిందటగా ఎస్తేరమ్మ గారూ?"

"బయట ఉండాది మేడం."

ఆమె కిటికీలోంచి ట్రక్కును చూసి, ట్రేను బల్ల మీద పెట్టింది. "ఇది నిండటానికి నాలుగు దోసిళ్ళు చాలండీ" అంది మెల్లగా. దావీదు నా వైపు చూశాడు. ఆ చూపుకు పదును పెడితే చెరుకు నరకొచ్చు.

ఎస్సై ట్రేను వేలితో తట్టాడు. "దీంతో మనుషుల మనసు బయటికొస్తాదా? ఏదీ, చూపించండి."

"నేను చూపించేది కాదు సార్. మీరే ఆడి చూడండి."

ఎస్సై కానిస్టేబులుకు సైగ చేశాడు. అతను కంగారుపడ్డాడు. "సార్, అది కేసు ప్రాపర్టీ!"

"నాలుగు దోసిళ్ళకు ప్రాపర్టీ కరిగిపోదులే, తేరా."

ఇసుక వచ్చింది. బొమ్మలు బల్ల మీద పరిచారు. ఎస్సై ముందు వెటకారంగానే మొదలుపెట్టాడు. చిన్న బండి ఒకటి తీసి, "ఇది ఈమె అల్లుడిది" అని ఇసుకలో పెట్టి, చుట్టూ కంచె పాతి, "ఇది నా స్టేషను" అన్నాడు. అందరం నవ్వాం. దావీదు తప్ప.

తర్వాత చిన్న ఇంటి బొమ్మ చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. బండినీ కంచెనూ తీసి పక్కన పడేసి, ఇంటిని ఒక మూల పెట్టాడు. దాని ముందు ఒక మేకను నిలబెట్టాడు. మళ్ళీ ఏమనుకున్నాడో మేకను తీసి బల్ల అంచున పెట్టాడు. వేలితో ఇసుక దోసి ఇంటి మీద పోశాడు. కప్పు మాత్రమే కనిపిస్తోంది. నీళ్ళ సీసా మూత తీసి దాని మీద ఒంపాడు. కప్పు కూడా మునిగింది.

మేడం పక్క కుర్చీలో కూర్చుని ట్రేను చూస్తోంది, అంతే. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"మా ఊరు" అన్నాడు ఎస్సై. "సోమశిల డ్యాము నీళ్ళల్లో ఉండాది. నాకప్పుడు ఐదేళ్ళు. మా నాయన ఇంటి తలుపులు ఊడబెరికి బండికెత్తినాడు. తలుపుల్లేని ఇల్లు యాడ కనబడినా నాకు ఇప్పటికీ కాళ్ళు ఆడవు. నేను పెంచుకున్న మేకపిల్లను ఆ వారమే అమ్మేసినారు. ఎందుకని ఎవురూ చెప్పలా. నేను గూడా అడగలా."

మేడం "ఊ" అంది. అంతకుమించి ఒక్క అక్షరం లేదు. కానిస్టేబులు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎస్సై కళ్ళు తడిగా ఉన్నాయి. భుజాలు దిగాయి. దావీదు వైపు చూసి ఏదో అనబోయాడు. మంచి మాటే. పెదవుల దాకా వచ్చింది, నేను నా కళ్ళతో చూశాను. ఇంకో మూడు గుటకలు వేసేంతసేపు ఓపిక పట్టి ఉంటే చాలు, బండి బయట ఉండేది.

నేను కొంగు తీశాను.

"మనసు తేలికపడింది గదబ్బయ్యా. ఇంక మా బండి ఇచ్చెయ్యి నాయనా!"

ఐదేళ్ళ పిల్లవాడు గబుక్కున లేచి వెళ్ళిపోయి, ఆ కుర్చీలో మళ్ళీ ఎస్సై వచ్చి కూర్చున్నాడు.

"ఎవురే నీకు అబ్బయ్య? రైటరూ! కేసు రాయి!"

మేడం కళ్ళు మూసుకుంది. దావీదు ఉన్నచోటే నేల మీద కూలబడ్డాడు. "కొంగెందుకు తీసినావత్తా! కడుపు నిండా కుక్కుకోకూడదా!"

ఈసారి మేడమే లేచి నిలబడింది. "తప్పు నాది సార్. ఎంత కావాలో నేను చెప్పలేదు. రేపటి నుంచి ఈ అబ్బాయికి దుక్కి పనులున్నాయి. మీరు ఎలా చెబితే అలా చేస్తాం" అని మళ్ళీ కూర్చుంది. బతిమాలలేదు, తొందరపెట్టలేదు. ఎస్సై తడిసిన ఇసుకను చూస్తూ ఉండిపోయాడు. నేను ఊపిరి కూడా అడిగి పీల్చుకున్నాను.

"బండిని రాయొద్దు" అన్నాడు చివరికి. "ఇసక యాడ ఎత్తినారో ఆడనే పొయ్యాల. ట్రక్కు లేపి ఒంపితే కుదరదు. పారతో దించాల. ఆ పార వీడు పట్టుకోకూడదు. వాళ్ళత్త పట్టాల."

పట్టాను. పెన్న ఎండలో ట్రక్కు నిండా ఉన్న ఇసుకను పారతో దించాను. కానిస్టేబులు తాటాకు నీడలో గొంతుకూర్చుని కాపలా. "ఎత్తవ్వా, ఎత్తు. ఆ మూల ఇంకా కొంచెం భయం మిగిలిండాది" అంటూ ఒకటే ఉత్సాహం.

నడుము మడతమంచంలా ముడుచుకుపోయి సాయంత్రానికి హాలు చేరాను. శిక్షణకు వచ్చినవాళ్ళందరూ నేల మీద స్టీలు పళ్ళాలు పెట్టుకుని పరీక్షలో ఉన్నారు. ఒకరు బొమ్మలు ఆడుతుంటే ఇంకొకరు పక్కన నోరు మెదపకుండా కూర్చున్నారు. పళ్ళాల్లో తెల్లగా మెరుస్తున్నది ఇసుకేనా అని వంగి చూశాను. మర్నాటి టిఫినుకని నేను తెప్పించి పెట్టుకున్న ఇడ్లీ రవ్వ!

"ట్రే ఏది మేడం? ఇసకేది?"

"ఎస్సై గారు ట్రేను కొన్నాళ్ళు అక్కడే ఉండనివ్వమన్నారండీ. ఇసుకతో సహా."

అంటే, ట్రక్కెడు ఇసుక తెచ్చి, ట్రక్కెడు ఇసుక దించి, చివరికి హాలుకు చేరింది నా చీర కుచ్చిళ్ళలో చిక్కుకున్న ఇసుక మాత్రమే. పరీక్షలో మాత్రం అందరూ గట్టెక్కారు. రవ్వను రెండుసార్లు జల్లించి మర్నాడు ఇడ్లీలు పోశాను. అయినా ఉదయగిరి పిల్ల ఇడ్లీలోంచి ప్లాస్టిక్ కోడిపుంజు ఒకటి తల బయటపెట్టి చూసింది. దావీదు మాత్రం ఆ పొద్దు చేలో ఉన్నాడు, బండి మీద. మేడం ఆ ట్రేను ఈనాటికీ తిరిగి అడగలేదు. అడగకపోవడంలో ఆమెది పెద్ద చదువు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, పార పట్టి కాయలు కాసిన ఈ చేతులు పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఎవరు ఏది తెమ్మన్నా, ఎంత అని అడగకుండా గడప దాటను. ఎదుటి మనిషి కళ్ళు తడిసినప్పుడు, ఆ తడి దానంతటది ఆరేదాకా నోరు తెరవను. తెరుచుకోబోతే అందులో ఒక ఇడ్లీ పెట్టుకుంటాను. ఇడ్లీ దొరక్కపోతే ఇసుక పోసుకుంటాను.

గుప్పెడే.