బజ్జీ మీద పనామా

మా బావ యూనివర్సిటీలో కోతుల మీద పరిశోధన చేసేవాడు. అన్ని కోతులూ కాదు. అడవంతా దద్దరిల్లేలా అరిచే హౌలర్ కోతుల్లో, డొక్కల మీద బంగారు రంగు జుట్టుండే ఒక్క ఉపజాతి. అది ఎక్కడెక్కడ బతుకుతుందో చెప్పడానికి పళ్ళెంలో ఏదుంటే అదే అతనికి మ్యాపు. మ్యాపయ్యాక దాన్ని తినేవాడు కాదు, పాడైపోతుందని. తొమ్మిదో క్లాసులోనే బడికి దండం పెట్టిన నేను మధ్య అమెరికా అంతా చల్లారిన దోసెల మీదే నేర్చుకున్నాను.

డెబ్భై తొమ్మిదిలో కాలిఫోర్నియా సన్నీవేల్‌లో బావకి పెళ్ళిచూపులు. అంతకుముందు సంబంధం కోతుల వల్లే తప్పిపోయింది.

"బావా, ఇవాళ కోతుల్ని కార్లోనే వదిలెయ్" అన్నాను. బుద్ధిగా తలూపాడు.

అమ్మాయి తండ్రి మిరపకాయ బజ్జీలు పెట్టించి, "ఎక్కడ సెటిల్ అవుదామని బాబూ?" అన్నాడు. బావ బజ్జీ చేతిలోకి తీసుకున్నాడు. నేను అతని కాలు తొక్కాను.

"ఈ లావు వైపు గ్వాటెమాలా అండీ. తర్వాత హోండురాస్, నికరాగువా, కోస్టారికా. ఈ మొన పనామా. అక్కణ్ణించి వేరే ఉపజాతి."

"కోతులు సరే, మరి మీరు?"

"వాటి చెట్టు కిందే అండీ."

తండ్రి నావైపు చూశాడు. నేను సీలింగ్ వైపు చూశాను.

అప్పటిదాకా మాట్లాడని అమ్మాయి, "మొన దగ్గర రెండూ కలుస్తాయా?" అంది.

బావ తడబడ్డాడు. "తెలీదండీ. వెళ్ళి చూడాలి."

ఆ అమ్మాయి మొన తుంచి నోట్లో వేసుకుంది. "పనామా చాలా కారం. ఎప్పుడు వెళ్దాం?"

మిగిలిన బజ్జీని బావ మెల్లగా తినేశాడు. అతను మ్యాపు తినగా నేను చూడ్డం అదే మొదలు.